పాత జేసీబీని ఇంటి దగ్గర బాగుచేసుకోవడం: అపోహలు - వాస్తవాలు

బ్యాక్‌హో లోడర్ అనే మాట మా కావలి పక్క ఎవరి నోటా వినపడదు. ముందు పెద్ద బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉంటే ఏ కంపెనీదైనా జేసీబీయే. 1945లో ఇంగ్లండ్‌లో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బాంఫోర్డ్ పేరులోని మొదటి అక్షరాలవి. మనకు మాత్రం అది యంత్రం పేరైపోయింది, నేనూ అట్నే రాస్తాను.

చాలా ఏళ్లుగా ఈ బండ్లు విప్పి బిగించడమే నా పని. ఆ మధ్య రొయ్యల గుంటల్లో పనిచేసి అరిగిపోయిన బండి ఒకటి చవగ్గా వస్తే కొని, ఇంటి ముందు చింతచెట్టు కింద నిలబెట్టాను. ఊళ్లో అందరికీ తప్పులు చెప్పే నేను, సొంత బండి దగ్గర అవే చేశాను.

అపోహ: బలం తగ్గిందంటే హైడ్రాలిక్ పంపు (బకెట్‌నూ చేతినీ కదిలించే ఆయిల్‌ను ఒత్తిడితో నెట్టేది) పోయినట్టే.

వాస్తవం: నేను పడిన గుంత ఇదే. బకెట్ ఎత్తితే పంపు ఈల వేసినట్టు కూత పెట్టేది. అన్ని లీవర్లూ నెమ్మది. "పంపే అన్నా, సందేహం లేదు" అన్నాడు ఆపరేటర్. నేనూ తలూపి కొత్త పంపు వేశాను. కూత పోలేదు. ట్యాంకులో ఆయిల్ దించి చూస్తే స్ట్రైనర్ (ఆయిల్ వడకట్టే జల్లెడ) నిండా రబ్బరు పొట్టు, బురద. అరగంట పనికి పంపు ఖర్చు పెట్టాను.

ఇప్పుడైతే ముందు ఒకటే అడుగుతాను: అన్నీ నెమ్మదా, ఒక్కటేనా? బూమ్ (వెనక చేతిలో బండికి దగ్గరి భాగం) ఒక్కటే లేవకపోతే దాని సిలిండర్ సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు), దాని వాల్వు చూడాలి. పంపు జోలికి పోనక్కర్లేదు. అన్నీ నెమ్మదిస్తే వరసగా ఆయిల్ మట్టం, స్ట్రైనర్, సక్షన్ పైపు (పంపు ఆయిల్ పీల్చే గొట్టం) క్లిప్పులు, మెయిన్ రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటకుండా చూసేది). ఆయిల్ నురగలు కడుతుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఆ తర్వాత ప్రెజర్ గేజి తగిలించి, మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చాలి. పొద్దున బాగుండి, ఆయిల్ వేడెక్కాక నీరసపడితే అప్పుడు పంపును అనుమానించండి. గేజి ఖరీదు పంపు ఖరీదులో ఓ మూలకు రాదు.

అపోహ: ఆయిల్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

వాస్తవం: దయచేసి తడమొద్దు. కారు టైరులో గాలి 2 బార్ పైచిలుకు ఉంటుంది. ఈ హోస్ పైపుల్లో 200 బార్ దాటుతుంది. సూదిమొన అంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ కంటికి సరిగ్గా కనపడదు, చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. మొదట చీమ కుట్టినట్టే ఉంటుంది. కొన్ని గంటలు ఊరుకుంటే వేలు తీసేయాల్సి రావచ్చు. పసుపు రాసి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, "ప్రెజర్‌తో హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి కొట్టింది" అని ఆ మాటే చెప్పాలి. లీకు వెతకడానికి అట్టముక్క చాలు, చెయ్యి దూరంగా ఉండేట్టు పట్టుకుని జరుపుతూ పోతే మరక పడుతుంది.

అపోహ: ఇంజిన్ ఆపేశాం కాబట్టి ఎత్తిన బకెట్ కింద దూరొచ్చు.

వాస్తవం: ఆ బరువును ఆపేది ఒక హోస్, కొన్ని సీళ్లు. సేఫ్టీ స్ట్రట్ (ఎత్తింది దిగకుండా ఆపే ఇనుప ఆధారం) పెట్టాలి, లేదా కిందికి దించేయాలి. ఇటుకలు, రాళ్లు పేర్చి నమ్ముకోవద్దు.

అపోహ: కీళ్ల దగ్గరి పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షులు కొత్తవి వేస్తే ఊగులాట పోతుంది.

వాస్తవం: పోతుంది, బుష్ కూర్చునే రంధ్రం ఇంకా గుండ్రంగా ఉంటే. గ్రీజు లేకుండా ఏళ్ల తరబడి తవ్విన బండికి ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తుంది. అందులో కొత్త బుష్ దిగ్గొడితే కొన్నాళ్లకే అది కూడా తిరగడం మొదలుపెడుతుంది. ఇంటి దగ్గర కాని పని ఇదొక్కటే అని చెప్పను గానీ, ఇక్కడ పొదుపు పనికిరాదు. లోపల వెల్డింగ్ నింపి, లైన్ బోరింగ్ (రంధ్రాలను మళ్లీ గుండ్రంగా, ఒకే వరసలో కోయడం) చేయించాలి. బోరింగ్ మిషన్‌ను బండి దగ్గరికే తెచ్చి చేసేవాళ్లున్నారు. పిన్ను లేత్‌లో చేయిస్తే మామూలు ఇనుము ఒప్పుకోవద్దు. ఈఎన్8 లాంటి స్టీలుతో చేయించి, హార్డెనింగ్ (గట్టిపరచడం) అడగండి.

వెల్డింగ్ అప్పుడు బ్యాటరీ తీగలు విప్పండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి పక్కనే పెట్టండి. దూరంగా పెడితే కరెంటు పిన్నుల్లోంచో సిలిండర్‌లోంచో పోయి వాటిని కాల్చి వదులుతుంది. ఇంత ఖర్చు పెట్టాక రోజూ పని మొదలెట్టే ముందు గ్రీజు గన్ పట్టుకోవడానికి బద్ధకమైతే నేనేం చేయలేను.

అపోహ: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేస్తే ఇంజిన్ హీట్ ఎక్కదు.

వాస్తవం: నెల్లూరు ఎండలకు పుట్టిన వైద్యం ఇది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ కావాల్సిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి మూసేది కూడా అదే. పీకేస్తే నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగొచ్చి, హీట్ ఇంకా ఎక్కుతుంది. అసలు జబ్బు ఎక్కువసార్లు రేడియేటర్‌లో పేరుకున్న ఉప్పుపొర. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లు పోస్తే పేరుకోక ఏమవుతుంది? కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి.

అపోహ: ఆయిల్ ఏదైనా ఆయిలే.

వాస్తవం: కాదు. ముఖ్యంగా వెనక యాక్సిల్ దగ్గర జాగ్రత్త. చాలా బండ్లలో బ్రేకు ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, పట్టు తప్పుతాయి.

అపోహ: చీమకుర్తి క్వారీలో తిరిగిన బండి కొనకూడదు, గుంటల బండి మేలు.

వాస్తవం: దేని జబ్బు దానిది. క్వారీ బండిలో రాతిదుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి ఇంజిన్ పిస్టన్ రింగులను తినేస్తుంది. గుంటల బండికి ఉప్పుబురద వైరింగ్‌నూ సిలిండర్ రాడ్ మీది క్రోమ్‌నూ తినేస్తుంది. గుంతలు పడ్డ రాడ్‌కు కొత్త సీల్ వేసినా ఎక్కువ రోజులు ఆగదు. అవర్ మీటర్ అంకెను నమ్మకండి, దాని వైరు పీకడం నిమిషం పని. పెడల్ రబ్బర్లు, పిన్నుల లూజు చూడండి.

అపోహ: ముందు పెయింట్ వేస్తే పనిచేయాలన్న హుషారు వస్తుంది.

వాస్తవం: హుషారు సంగతేమో గానీ, పసుప్పచ్చ పెయింట్ కింద పగుళ్లు, లీకులు దాక్కుంటాయి. అది చివరి పని. నా బండికి ఇంకా వేయలేదు. వెనక చెయ్యిని పక్కలకు తిప్పే సిలిండర్ల దగ్గర రోజూ కొంచెం చెమ్మ కనపడుతోంది. అదెక్కడిదో తేలాక డబ్బా మూత తీస్తాను.