మహాలక్ష్మి రేస్‌కోర్సులో గన్స్ ఎన్ రోజెస్

హైదరాబాద్,
25 మే 2025

చిరంజీవులైన మేనల్లుళ్ళకూ మేనకోడలికీ ఆశీస్సులు.

ముంబయిలో గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికన్ రాక్ బృందం కచేరీ చూసి తిరిగి రాగానే మీరు ముగ్గురూ ఫోనులో అడిగిన మొదటి మాట, "అత్తయ్యా, ఏడ్చావా?" అని. లేదన్నాను. అయితే కచేరీ బాగాలేదన్నమాట అని మీకు మీరే తేల్చేసుకున్నారు. ఫోనులో చెబితే సగంలోనే తెగిపోయే సంగతి కనుక, తీరికగా ఉత్తరం రాస్తున్నాను. కచేరీ బాగానే ఉంది. అయితే దానివల్ల నా పాత అభిమానం తిరిగి రాలేదు, రావాలని నేను కోరుకోనూ లేదు. అది లేకుండా వెళ్ళడం వల్లనే ఆ బృందం వాయిద్యాన్ని మొదటిసారి సరిగ్గా వినగలిగానని నా నమ్మకం.

మీరు పుట్టడానికి చాలా ముందు, 1991, 92 ప్రాంతంలో, సికింద్రాబాదులో మా వీధికి కేబుల్ టీవీ వచ్చింది. అంతవరకు దూరదర్శన్ తప్ప మరొకటి ఎరగని ఇళ్ళలోకి స్టార్ టీవీతో పాటు ఎమ్‌టీవీ కూడా దిగింది. గన్స్ ఎన్ రోజెస్‌ని నేను చూసింది అందులోనే. ఎడారిలో ఒంటరిగా నిలిచిన చిన్న చర్చి ముందు, ముఖమంతా కమ్మేసిన ఉంగరాల జుట్టుతో స్లాష్ అనే ఆయన గిటారు వాయిస్తుంటాడు. సుమారు తొమ్మిది నిమిషాల "నవంబర్ రెయిన్" పాట అది. అది మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలియక, సాయంత్రాలు టీవీ ముందునుంచి కదిలేదాన్ని కాదు. మీ తాతయ్య గారు ఆ పాటను అరుపులని అన్నారే గానీ టీవీ మాత్రం ఏనాడూ కట్టేయలేదు. ఆయన పద్యనాటకాల మనిషి, ఎంత ఎత్తు శ్రుతిలో పాడినా గొంతును గౌరవించేవారు.

1987లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ "ఎపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్" నాకు అసలు క్యాసెట్టుగా ఎన్నడూ దొరకలేదు. ఒకరి దగ్గరున్న కాపీ నుంచి మరొకరు తీసుకున్న కాపీని, మా ఇంట్లో ఒకే స్పీకరున్న టేప్ రికార్డరులో వినేదాన్ని. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది. కాపీకి కాపీ తీస్తున్నకొద్దీ క్యాసెట్టులో బుస పెరుగుతుంది, సన్నని వివరాలు చెరిగిపోతాయి. ఆ చిన్న స్పీకరుకు మంద్రస్థాయి స్వరాలను పలికించే శక్తి ఎలాగూ ఉండదు. స్టీరియోలో రెండు వైపులా విడివిడిగా వినిపించవలసినవన్నీ ఒకే ముద్దగా బయటికి వస్తాయి. ఆ ముద్దలోంచి నేను రెండింటినే పట్టుకునేదాన్ని: గాయకుడు ఆక్సెల్ రోజ్ గొంతు, స్లాష్ గిటారు.

అభిమానం ఎలా పోయిందని అడుగుతారేమో. కొంత దానంతట అదే పోయింది. బృందంలో రెండో గిటారు వాయించే ఇజీ స్ట్రాడ్లిన్ 1991లోనే తప్పుకున్నాడు, 1996లో స్లాష్, ఆ మరుసటి ఏడు మంద్రస్వరాలు పలికే బేస్ గిటారు వాయించే డఫ్ మెకేగన్ వెళ్ళిపోయారు. మిగిలిన పేరుతో ఆక్సెల్ ఒక్కడే ఏళ్ళ తరబడి స్టూడియోలో కూర్చుని, 2008లో గాని తరువాతి సొంత పాటల ఆల్బమ్ బయటికి తేలేదు. అప్పటికి నాకు ఉద్యోగం, సంసారం, వేరే సంగీతం వచ్చేశాయి.

కానీ ఇంకొక కారణం ఉంది, దాన్ని దాటవేస్తే మీకు సగమే చెప్పినదాన్ని అవుతాను. ఉద్యోగం కోసం న్యూజెర్సీ వెళ్ళిన కొత్తలో, వాళ్ళు 1988లో విడుదల చేసిన "లైస్" అనే చిన్న ఆల్బమ్‌ను అక్కడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. అందులో "వన్ ఇన్ ఎ మిలియన్" అనే పాటలో నల్లజాతి వారినీ, స్వలింగ సంపర్కులనూ, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడిన వారినీ నోటికి రాకూడని మాటలతో తిట్టారు. సికింద్రాబాదులో ఉన్నప్పుడు ఆ యాస నాకు పట్టుబడేది కాదు. రాగం వెంట పరిగెత్తి, మాటలు వదిలేసేదాన్ని. అమెరికాలో చేతిలో వీసా కాగితాలు పెట్టుకుని వింటే, ఆ తిట్లు నేరుగా నా మీదికే వచ్చాయి. స్లాష్ తల్లి నల్లజాతి స్త్రీ, పేరున్న దుస్తుల రూపకర్త. ఆయన ఆ పాటలో ఎలా వాయించగలిగాడో నాకు ఈనాటికీ కొరుకుడు పడదు. 2018లో మొదటి ఆల్బమ్‌ను ఆ కాలపు పాటలతో కలిపి పెద్ద సంపుటంగా మళ్ళీ తెచ్చినప్పుడు, "లైస్"లోని మిగతా పాటలకు చోటిచ్చి దీన్ని మాత్రం తీసేశారు. మంచిదే. కానీ తీసేయడం వేరు, తప్పని ఒప్పుకోవడం వేరు.

అందుకే 2012 డిసెంబరులో ఈ బృందం మొదటిసారి భారతదేశానికి వచ్చి బెంగళూరు, ముంబయి, గుర్‌గావ్‌లలో పాడినప్పుడు నేను కదలలేదు. స్లాష్ కూడా లేడాయె. అదే ఏడు, పాతవాళ్ళంతా మళ్ళీ ఎప్పుడు కలుస్తారని ఎవరో అడిగితే, "ఈ జన్మలో కాదు" అని ఆక్సెల్ అన్నాడు. నాలుగేళ్ళు తిరగకుండా స్లాష్, డఫ్ తిరిగి వచ్చారు. ఆ యాత్రకు ఆ మాటనే పేరుగా పెట్టి, 58 కోట్ల డాలర్లకు పైగా టిక్కెట్లు అమ్ముకున్నారు. దీన్ని చూసి ఏవగించుకోకండి. రికార్డులు అమ్ముడుపోయే కాలం పోయింది, పాటగాళ్ళకు ఇప్పుడు కూడు పెట్టేది వేదికే. మన సురభి వాళ్ళు తరాల తరబడి ఊరూరా తిరిగి నాటకాలు ఆడింది కూడా టిక్కెట్టు డబ్బులతోనే కదా.

ఈసారి ముంబయిలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలు రెండు టిక్కెట్లు కొని, రైలు ఎక్కమని హుకుం జారీ చేసింది. మే 17, శనివారం. సరిహద్దు ఉద్రిక్తతల వల్ల ఆగిపోయిన ఐపీఎల్ కూడా తిరిగి మొదలైంది ఆ రోజే. అంతకు ముందు వారం అసలు ఈ కచేరీ జరుగుతుందో లేదో అనిపించింది. రేస్‌కోర్సు మైదానంలో సముద్రపు ఉక్క. చొక్కాలు ఒంటికి అతుక్కుపోతున్నాయి. ఆ చొక్కాల్లో సగానికి సగం మొదటి ఆల్బమ్ అట్టమీది శిలువ బొమ్మవే. దానిమీద అయిదు పుర్రెలు, బృందంలో మనిషికొకటి చొప్పున. వాటిని తొడుక్కున్న పిల్లలు మీ ఈడువాళ్ళు. వేదిక మీద మాత్రం ఆ అయిదుగురిలో ముగ్గురే ఉన్నారు. డ్రమ్స్ దగ్గర ఐజాక్ కార్పెంటర్, ఈ ఏడాదే చేరినవాడు.

ఒకప్పుడు ఆక్సెల్ అంటే గంటల కొద్దీ ఆలస్యానికి మారుపేరు. 1992 ఆగస్టులో మాంట్రియల్‌లో మెటాలికా అనే మరో రాక్ బృందం గాయకుడికి వేదిక మీది మంటలు అంటుకుని వాళ్ళ కచేరీ ఆగిపోతే, తరువాత వచ్చిన ఈయన కూడా మధ్యలోనే వెళ్ళిపోయాడు. జనం విధ్వంసానికి దిగారు. ముంబయిలో ఆ వేషాలు కుదరవు, ఎందుకంటే ఆరుబయట రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మొత్తానికి మన చట్టం ఒక రాక్ బృందానికి సమయపాలన నేర్పింది.

ఇక గొంతు సంగతి. "వెల్‌కమ్ టు ద జంగిల్"తో మొదలుపెట్టారు. ఆక్సెల్ వయసు 63. పాతికేళ్ళప్పుడు గరగరమంటూ పై షడ్జమం దాటి దూసుకుపోయిన చోట, ఇప్పుడు పలచని దొంగగొంతుతో దాటేస్తున్నాడు. వయసుతో స్వరతంత్రుల సాగుడు గుణం తగ్గుతుంది, వాటిని కదిలించే కండరాలు సన్నబడతాయి, ఊపిరి నిలవదు. మన కర్ణాటక విద్వాంసులైతే వయసు మళ్ళాక రెండో శ్రుతిని ఒకటిన్నరకు దించుకుని హాయిగా పాడుకుంటారు, ఎవరూ తప్పుపట్టరు. వీళ్ళకు అంత వెసులుబాటు లేదు. వీళ్ళ గిటార్లు మొదటి నుంచీ మామూలు కంటే అరస్వరం కిందికే బిగించి ఉంటాయి. ఇంకా దించితే తీగలు వదులై, జనం ఎరిగిన ఆ మోత మారిపోతుంది. కాబట్టి యువకుడు తన గొంతుకు కుట్టించుకున్న శ్రుతిలోనే ముసలివాడు పాడాలి. కొన్నిచోట్ల వినలేకపోయాను. "నవంబర్ రెయిన్"కు పియానో ముందు కూర్చుని, మధ్యస్థాయిలో పాడినంతసేపు మాత్రం ఆ గొంతు నిండుగా ఉంది.

అభిమానిగా వెళ్ళి ఉంటే ఈ గొంతు గురించే రాత్రంతా బాధపడేదాన్ని, లేదా దాన్ని సమర్థిస్తూ స్నేహితురాలితో వాదించేదాన్ని. ఆ పని లేకపోవడంతో నా చెవి ఖాళీగా ఉంది. "స్వీట్ చైల్డ్ ఓ మైన్" మొదలైంది. స్లాష్ వాయించే ఆ ఎత్తుగడ నాకు నిద్రలో కూడా వస్తుంది. సరదాకు వాయించినదే పాటైందని ఆయనే చెప్పాడు. ఆ ఎత్తుగడ సాగుతుండగా, దాని కింద మరొక రాగం నడవడం విన్నాను. డఫ్ మెకేగన్ బేస్ గిటార్. అది తాళం కొట్టి ఊరుకోవడం లేదు. గిటారు ఒకే అల్లికను తిప్పి తిప్పి అంటుంటే, ఇది దాని కింద నిదానంగా దిగుతూ, ఎక్కుతూ, తన సొంత పాట తాను పాడుతోంది. గిటారు అల్లిక అంతగా మారకపోయినా పాట ముందుకు కదులుతున్నట్టు అనిపించేది దీనివల్లనే. నేను వందలసార్లు విన్న పాట అది. అందులో ఇది ఎప్పుడూ ఉంది, మా టేప్ రికార్డరులో లేదు. ఆ తరువాతి పాటలన్నిటిలో నా కళ్ళు తెరమీద డఫ్ ఎడమచేతినే వెతికాయి. ఆక్సెల్ ఎన్ని చొక్కాలు మార్చాడో స్నేహితురాలిని అడగండి.

"ప్యారడైజ్ సిటీ"తో ముగించారు. మళ్ళీ వస్తే వెళతావా అని అడుగుతారు కనుక చెబుతున్నాను, వెళ్ళను. ఇజీ స్ట్రాడ్లిన్ వస్తే మాత్రం ఆలోచిస్తాను. ఆ "లైస్" పాట మీద నా కోపం అలాగే ఉంది, దాన్ని ఈ కచేరీ తగ్గించలేదు, తగ్గించాల్సిన అవసరమూ లేదు.

మీరు ఈ సెలవుల్లో ఆ మొదటి ఆల్బమ్ వినండి. ఫోను స్పీకరులో వద్దు, అది కూడా మా టేప్ రికార్డరు బాపతే. రెండు చెవులకూ మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, ఇజీ గిటారు ఒక పక్కనుంచి, స్లాష్ గిటారు రెండో పక్కనుంచి వస్తాయి. ఒక చెవిది తీసేసి ఒకసారి, రెండోది తీసేసి మరొకసారి వినండి. ఏది ఎవరిదో మీ ముగ్గురూ విడివిడిగా కాగితం మీద రాసి, ఒకరిది ఒకరు చూడకుండా నాకు పంపండి.

ఇట్లు,
మీ అత్తయ్య