దిండు గలీబుగా మారిన విపీల్: ఇంత పాతబట్ట అంగడికి ఎలా వచ్చింది?

గ్వాటెమాలాలో మాయా స్త్రీలు తొడుక్కునే చేనేత వదులు రవికను విపీల్ అంటారు. దాని కింద చుట్టుకునేది కోర్తే. ఈ రెండింటిలో పాతవి కొని, కత్తిరించి, దిండు గలీబులు, బొంతలు, కుర్చీ కవర్లు కుట్టి అమెరికా, యూరప్ ఇళ్లకు అమ్మే వ్యాపారం మీద గొడవ సద్దుమణిగినట్టే సద్దుమణిగి మళ్లీ మళ్లీ లేస్తోంది. మూలన పడేసే బట్టకు కొత్త బతుకు ఇస్తున్నామని అమ్మేవాళ్లు అంటారు. మమ్మల్ని ఎవరడిగారని నేసేవాళ్లు నిలదీస్తారు. మాయా నేత ఎంత ప్రాచీనమో, ఏ పువ్వుకు ఏ అర్థమో చెప్పే రాతలకు కొదవ లేదు, ఆ జోలికి పోవడం లేదు. తల్లి నుంచి కూతురికి వెళ్లాల్సిన బట్ట మూటలు మూటలుగా అమ్మకానికి ఎలా వచ్చిందన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

ఈ కథను చాలామంది 2016లో నేసే ఆడవాళ్లు కోర్టుకెక్కిన దగ్గర మొదలుపెడతారు. అసలు మలుపు అది కాదు, 1982. ఆ ఏడాది మార్చి 23న సైనిక కుట్రతో గద్దెనెక్కిన జనరల్ ఎఫ్రాయిన్ రియోస్ మాంట్, అంతర్యుద్ధంలో ప్రభుత్వంతో పోరాడుతున్న గెరిల్లాలకు ఆసరా లేకుండా చేస్తానంటూ కొండ ప్రాంతాల్లో మాయా పల్లెలను తగలబెట్టించాడు. విపీల్ చూస్తే మనిషి ఏ ఊరిదో ఇట్టే తెలిసిపోతుంది. నెబాహ్ విపీల్ వేరు, చిచికాస్తెనాంగో విపీల్ వేరు. ఊళ్లో పరువుగా కట్టుకున్న ఆ గుర్తే దారిలో ప్రాణాల మీదికి తెచ్చింది. నెబాహ్ ఉన్న, ఇషిల్ అనే మాయా తెగ ఉండే ప్రాంతం మొత్తాన్నీ సైన్యం గెరిల్లాల అడ్డాగా ముద్ర వేసింది మరి. రాజధానికి పారిపోయినవాళ్లు, సరిహద్దు దాటి మెక్సికోలోని చియాపాస్ శిబిరాలకు చేరినవాళ్లు ఎందరో విపీల్ విప్పేసి మిల్లు గుడ్డల్లోకి మారారు. కొందరు పాతిపెట్టారు, కొందరు తిండికి అమ్ముకున్నారు.

కొనే చేతులు మాత్రం అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. 1976 ఫిబ్రవరి 4 నాటి భూకంపంలో దాదాపు 23 వేల మంది చనిపోయారు. ఇల్లు కూలినవాళ్లు పెట్టెలో దాచుకున్న విపీల్‌లు తీసి అమ్మితే విదేశీ సేకర్తలు, మధ్యవర్తులు కొన్నారు. ఆ దారినే తర్వాత యుద్ధకాలపు బట్టా వెళ్లింది. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 డిసెంబరులో ముగిసేసరికి 2 లక్షల మందికి పైగా చనిపోవడమో మాయమవడమో జరిగిందని, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయాలేనని 1999లో ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసిన సత్యశోధన సంఘం తేల్చింది. శాంతి వచ్చాక పర్యాటకులొచ్చారు. గురు, ఆదివారాల్లో జరిగే చిచికాస్తెనాంగో సంతలో పాత విపీల్ మామూలు సరుకైపోయింది.

వ్యాపారుల మాట పూర్తిగా కొట్టేయలేం. చిరిగిన విపీల్ కొనేవాడు లేకపోతే మసిగుడ్డే. కుట్టుపని వల్ల కొన్ని ఇళ్లకు కూలి దొరుకుతోంది. మన ఇళ్లలోనూ అమ్మమ్మల పాత చీరలు బొంతలయ్యేవి కదా అని అడగొచ్చు. అయ్యేవి, కానీ ఆ బొంత ఆ ఇంట్లోనే కప్పుకునేవాళ్లు.

నేత సంగతి కాస్త దగ్గరగా చూస్తే ఆ ఆడవాళ్ల కోపం అర్థమవుతుంది. మగ్గం ఒక కొసను చెట్టుకో స్తంభానికో కడతారు, రెండో కొసను పట్టీతో నడుముకు బిగించి మోకాళ్ల మీద కూర్చుంటారు. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. చేతులకు అందినంతే గుడ్డ వెడల్పు. అందుకే విపీల్‌ను రెండు మూడు పట్టీలుగా నేసి కలిపి కుడతారు. పని దట్టంగా ఉంటే నెలలు పడుతుంది. దిండు కోసం కత్తెర పడేది సరిగ్గా ఆ దట్టమైన చోటే, ఎద మీది భాగంలో. మెడ చుట్టూ కుట్టిన వలయం చదరంలో ఇమడదు కనుక కత్తిరింపుల్లోకి పోతుంది. లేబుల్ మీద "చేనేత, పాతకాలపుది" అని ఉంటుంది. ఊరి పేరు చాలాసార్లు ఉండదు, నేసినామె పేరు దాదాపు ఎప్పుడూ ఉండదు.

2016లో సకతెపేకెస్ ప్రాంతపు మహిళా సంఘం అఫెదెస్ ముందుండి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. ఆంజెలినా అస్పువాక్ వంటివారు ఆ పోరాటానికి గొంతయ్యారు. కాపీరైట్, డిజైన్ చట్టాలకు ఒక వ్యక్తో కంపెనీయో కనిపిస్తాయి తప్ప తరతరాలుగా ఒక నమూనాను నిలబెట్టిన ఊరు కనిపించదు, ఆ లోటు పూడ్చండి అన్నది వాదన. సమష్టి సొంతదారులుగా గుర్తింపు, లాభంలో వాటా అడిగారు. రాజ్యాంగం 66వ అధికరణం ఆదివాసుల వస్త్రధారణను గౌరవిస్తామని 1985లోనే రాసుకుంది. 2017 నవంబరులో కోర్టు ఉన్న చట్టాలను కొట్టేయలేదు, కొత్త చట్టం చేయమని పార్లమెంటును కోరి ఊరుకుంది. ఇషిల్ జాతి హత్యాకాండ కేసులో రియోస్ మాంట్‌కు 2013 మే 10న పడిన శిక్షను పది రోజుల్లో రద్దు చేసిందీ ఈ కోర్టే. నేసేవాళ్లు కోరిన, సమష్టి హక్కులు గుర్తించే 5247 నంబరు బిల్లు చట్టం కాలేదు. పనామా మాత్రం గునా ఆదివాసీ స్త్రీలు కుట్టే మోలా గుడ్డలకు 2000లోనే చట్టరక్షణ ఇచ్చింది, మెక్సికో 2022లో సొంత చట్టం తెచ్చుకుంది.

మన పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో జీఐ (భౌగోళిక గుర్తింపు) దక్కింది. గ్వాటెమాలాలో సల్కహా ఊరు నేసే హాస్పే కూడా నూలుకు ముడులు వేసి రంగు అద్దే ఇక్కతే, అలాంటి గుర్తింపు దానికీ పనికొస్తుందనేవాళ్లున్నారు. అయితే జీఐ అడ్డుకునేది నకిలీనే. అసలు గుడ్డను కొని కత్తిరించేవాడిని అది ఏమీ అనదు.

5247 లాంటి బిల్లు నెగ్గినా చిక్కు అక్కడే మిగులుతుంది. ఒకసారి డబ్బిచ్చి కొన్న బట్ట కొన్నవాడిదే అంటుంది ఆస్తి చట్టం. 1982లో ప్రాణభయంతో అమ్మిన విపీల్‌కూ, నిన్న ఇష్టపడి అమ్మిన విపీల్‌కూ అది తేడా చూడదు. ఆ తేడా చూడమనే నేసేవాళ్లు అడుగుతున్నారు. కనీసం ఏ ఊరిదో, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నదో లేబుల్ మీద రాయడానికి పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని లేదు. వ్యాపారులు తలుచుకుంటే రేపటి నుంచే రాయొచ్చు.