కొండ పచ్చగానే ఉంది, మరి అడవి? - కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రావణంలో విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కి ఇబ్రహీంపట్నం దాటుతుంటే కొండపల్లి కొండలు కనబడతాయి. "అడవి ఎంత బాగుందో!" అంటారు మా విజయవాడ మిత్రులు. ఆ కొండల మీద టేపుతో చెట్లు కొలిచే పని నాది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కొండ పచ్చగా ఉంటే అడవి బాగున్నట్టే.

వాస్తవం: ఆ పచ్చదనం వానది. వానాకాలంలో లాంటానా కంప కూడా పచ్చగానే ఉంటుంది. ఊళ్ళో ఇంటింటా తాతలుండి, బడిలో ఒక్క పిల్లాడూ లేకపోతే ఆ ఊరికేమవుతుందో ఊహించండి. అడవినీ అలాగే చూడాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి మాను చుట్టుకొలత రాసుకుంటాం. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని దాని కింద పిల్లమొక్కలు వెతుకుతాం. అసలు పని ఇదే. రెండు చేతులకూ అందనంత గుంపెన చెట్టు కింద గంటసేపు వెతికినా ఒక్క మొలక దొరకని రోజులున్నాయి.

అపోహ: కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్టు తగ్గిందంటే బొమ్మలవాళ్ళు నరకబట్టే.

వాస్తవం: గొడ్డలి దెబ్బ ఉంది, కాదనను. కానీ కథ అక్కడితో అయిపోదు. పొణికి కాయకు రెండు పొడవాటి రెక్కలుంటాయి. గాలికి గిరగిరా తిరుగుతూ దూరంగా వెళ్ళి పడుతుంది. తొలకరికి మొలిచినా మేకలు కొరుకుతాయి, మిగిలినదాన్ని వేసవి మంట కాలుస్తుంది. తునికి, మోదుగ మాత్రం పైన కాలినా వేళ్ళ నుంచి మళ్ళీ చిగురేస్తాయి. ఏటా మంటపెడితే అడవి మెల్లగా వాటివైపే ఒరుగుతుంది. పొణికి లేకపోతే కొండపల్లి బొమ్మా లేదు. ఈ చెట్టు నిలవాలని అందరికన్నా ఎక్కువగా కోరుకునేది ఆ బొమ్మలు చెక్కేవాళ్ళే.

అపోహ: పదేళ్ళు వదిలేస్తే పాత అడవే తిరిగొస్తుంది.

వాస్తవం: అడవి రావచ్చు, అదే అడవి రాకపోవచ్చు. తమిళనాడులోని ముదుమలైలో 1988 నుంచి 50 హెక్టార్లలో చెట్లకు నంబర్లు వేసి, మళ్ళీ మళ్ళీ కొలుస్తున్నారు. అక్కడ ఏనుగులు విరిచి తినడంతో కిడియా అనే చెట్టు బాగా తగ్గిపోయింది. రేల పెరిగింది. ఐరోపా కొండల్లో ఫర్, స్ప్రూస్, బీచ్ కలిసి పెరిగే అడవుల్లోనూ అంతే: చాలాచోట్ల జింకలు లేత ఫర్ మొక్కల్ని మేసేయడం వల్ల బీచ్ వాటా పెరిగింది. ఇలాంటి మార్పు ఊరికే చూస్తే కంటికి ఆనదు. అందుకే కొలిచిన చెట్టునే మళ్ళీ కొలవాలి.

అపోహ: మొక్కలు నాటితే సరి.

వాస్తవం: ఒకే జాతిని వరుసల్లో నాటితే తోట అవుతుంది.

పోయినేడు ఓ బండ వెనక, మంట చేరని చోట, మోకాలెత్తు పొణికి మొక్క కనిపించింది. దానికి రేకు నంబరు కట్టాం. వచ్చే వేసవి దాటాక మళ్ళీ ఆ బండ దగ్గరికే వెళ్తాం.