పాడలేనివాళ్ల తీర్పు

పాటల పోటీ చూస్తున్న సమయంలో మా తోడల్లుడు వస్తే చటుక్కున వార్తల ఛానల్‌కు మార్చేసేవాణ్ని. ఆయన ఇంట్లో కచేరీ రికార్డులు తప్ప మరొకటి మోగదు. నేనేమో స్నానాల గదిలో కూడా గొంతెత్తని మనిషిని. అయినా సోఫాలో చేరగిలబడి జంతికలు నములుతూ, మైకు పట్టుకుని వణుకుతున్న పద్దెనిమిదేళ్ల పిల్లను "చరణంలో పైకెళ్లేసరికి జారిపోయింది" అని తీసిపారేస్తాను. తర్వాత జడ్జి కూడా అదే మాట అన్నాడనుకోండి, ఆ పూట నా మొహం చూడాలి.

రెండు స్వరాలు సరిగ్గా పలకలేనివాడికి ఎదుటివాళ్ల స్వరం జారిందని ఎలా తెలుస్తుంది? ఫోర్డ్‌రెషర్, బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో ఈ సంగతే పరిశీలించారు. మామూలు జనంలో నూటికి పది పదిహేను మంది శ్రుతిలో పాడలేరు. అయితే వాళ్లలో ఎక్కువమందికి చెవిలో లోపమేమీ లేదు. స్వరాల మధ్య తేడాను మిగతావాళ్లలాగే పట్టుకున్నారు. విన్న స్వరాన్ని గొంతు కండరాలకు ఆజ్ఞగా మార్చే దగ్గరే తేడా వస్తోందని వాళ్ల అంచనా. అంటే నా చెవి చదువుకుంది, గొంతే బడికి పోలేదు. నిజంగా శ్రుతి తేడా తెలియనివాళ్లు చాలా తక్కువమంది.

పైగా ఈ పోటీల్లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. పాడేవి దాదాపు అన్నీ మనకు కంఠతా వచ్చిన పాటలే. పల్లవి మొదలవగానే మన మెదడు పాటకన్నా రెండడుగులు ముందు నడుస్తుంది. ఇక్కడ గమకం, ఇక్కడ చిన్న విరుపు, ఇదిగో పై సంగతి రాబోతోంది అంటూ. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒళ్లు గగుర్పొడిచేంత ఇష్టమైన సంగీతాన్ని వినిపిస్తూ కొందరి మెదళ్లను స్కాన్ చేశారు. ఉత్సాహాన్నిచ్చే డోపమైన్ అనే మెదడు రసాయనం రెండు దఫాలుగా విడుదలైంది. గగుర్పాటు కలిగిన క్షణంలో ఒకచోట, దానికి కొన్ని సెకన్ల ముందు, ఎదురుచూపులో, మెదడులోని మరోచోట. కొత్త పాటకు ఇంత ఎదురుచూపు ఉండదు. పాత పాట పాడే కొత్త గొంతు దగ్గర మాత్రం ఏమొస్తుందో తెలుసు, వస్తుందో రాదో తెలియదు. ఆ ఉత్కంఠే అసలు రుచి.

తెలుగువాళ్లకు ఈ ఎదురుచూపు నేర్పింది 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ అంటాను. పిల్లలు పాడటం అయ్యాక బాలు ఆ పాట పుట్టిన ముచ్చట్లు చెప్పేవారు, ఏ అక్షరం ఎలా పలకాలో పాడి చూపించేవారు. ‘శ’కీ ‘స’కీ తేడా చెప్పించుకున్నది వేదిక మీది పిల్లలొక్కరే కాదు. ఆ తర్వాత అదే పాట ఎవరు పాడినా ఇంటిల్లిపాదీ ఆ అక్షరం దగ్గర చెవులు రిక్కించి కూర్చునేవాళ్లు. గెలిచిన పిల్లల పేర్లు నాకు సగం గుర్తులేవు. ఆ దిద్దుబాట్లు మాత్రం చాలావరకు గుర్తున్నాయి.

ఇంత నిశితమైన చెవికి గొంతు మీద మహా జాలి కూడా ఉంది. పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని సెంట్ అంటారు. వయొలిన్ కొద్ది సెంట్లు తప్పినా పట్టేసే శ్రోతలు, అంతే తేడాను మనిషి గొంతులో వింటే సరిగ్గానే ఉందన్నారు. 2012లో హచిన్స్, పెరెట్జ్ బృందం దీనికి ‘గొంతు పట్ల ఔదార్యం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. సంగీతం నేర్చినవాళ్లలోనూ ఈ దయ కనిపించింది. కాబట్టి జంతికలు తింటూ "జారింది" అన్నానంటే, ఆ పిల్ల నిజంగానే బాగా జారి ఉండాలి. నేను అంత దుర్మార్గుణ్ని కాదని భార్యతో వాదించడానికి ఈ పరిశోధన పనికొచ్చింది.

అయితే చెవే న్యాయమూర్తి అనుకుంటే పొరపాటు. 2013లో చియా-జుంగ్ త్సే అనే పరిశోధకురాలు అంతర్జాతీయ శాస్త్రీయ సంగీత పోటీల్లో చివరి ముగ్గురి ప్రదర్శనల నుంచి చిన్న ముక్కలు తీసి, గెలిచింది ఎవరో చెప్పమంది. శబ్దం మాత్రమే విన్నవాళ్లు కళ్లు మూసుకుని వేలు పెట్టినదానికన్నా మెరుగ్గా చెప్పలేకపోయారు. శబ్దం లేకుండా బొమ్మ మాత్రమే చూసినవాళ్లు సుమారు సగంసార్లు సరిగ్గా చెప్పారు. సంగీత విద్వాంసుల పరిస్థితీ అంతే. 2018లో మరో బృందం ఈ ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు, అవే ముక్కలతో అదే ఫలితం వచ్చింది గానీ, వేరే ప్రదర్శనల ముక్కలతో కంటి ఆధిపత్యం అంత గట్టిగా నిలబడలేదు. పోటీదారులంతా ఉద్దండులైనప్పుడు తేడా కళ్లలోకి జారుకుంటుందేమో. ఫైనల్స్‌లో జరిగేది అదే కదా. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘ద వాయిస్’ పాటల పోటీలో జడ్జిల కుర్చీలు వేదికకు వీపు పెట్టి ఉండటం ఈ బాధ తీర్చడానికే. ఇంట్లో చూసేవాళ్ల కుర్చీలను తిప్పేవాళ్లు మాత్రం లేరు.

పాడే వరుస కూడా తక్కువది కాదు. పలు దేశాల ఐడల్ పోటీలను పరిశీలించి 2010లో వెలువడిన అధ్యయనంలో, ఆ రాత్రి చివర పాడినవాళ్లు తర్వాతి వారానికి చేరే అవకాశం ఎక్కువని తేలింది. మొదట పాడినవాణ్ని అప్పటికే మరిచిపోతాం.

ఇక ఫలితం చెప్పేముందు ఆ సాగదీత. డప్పుల మోత, ఒక్కో మొహం మీద కెమెరా, బ్రేక్. తిట్టుకుంటూనే కదలకుండా కూర్చుంటాం. షుల్జ్ బృందం 2003లో కోతుల మీద చేసిన ప్రయోగంలో, జ్యూస్ దొరుకుతుందో లేదో సరిగ్గా చెరిసగం అవకాశం ఉన్నప్పుడే ఆ ఎదురుచూపు వేళ డోపమైన్ కణాలు అత్యధికంగా చలించాయి. చివరికి ఇద్దర్నే నిలబెట్టి నిమిషాలు నమిలే నిర్మాతకు ఈ పరిశోధన చదవాల్సిన పనే లేదు.

మనవాడు అనే మాట సంగతి వేరు. 2006లో కారుణ్య హిందీ ఇండియన్ ఐడల్ ఫైనల్‌కు చేరినప్పుడు, 2010లో శ్రీరామచంద్ర అదే పోటీ గెలిచినప్పుడు, సంగీతం ఊసెత్తనివాళ్లు కూడా ఎస్ఎంఎస్‌లు పంపారు. గెలిస్తే "మనం గెలిచాం", ఓడితే "వాళ్లు ఓడారు" అనే అలవాటును సియాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లోనే అమెరికా విద్యార్థుల్లో చూపించాడు. కాలేజీ జట్టు నెగ్గిన తర్వాతి సోమవారం వాళ్లు కాలేజీ పేరున్న చొక్కాలు ఎక్కువగా తొడుక్కొచ్చారు.

తోడల్లుణ్ని చూసి ఛానల్ మార్పించే ఈ అపరాధభావం వల్ల ఒక నష్టం ఉంది. బాగా అలిసిపోయి టీవీ ముందు కూర్చున్నవాళ్లు, పని ఎగ్గొడుతున్నామని తమను తాము నిందించుకుంటే, దక్కాల్సిన విశ్రాంతి కూడా తగ్గిందని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. అది చదివాక ఛానల్ మార్చడం మానేశాను.

మొన్న కుర్చీ తిప్పి, టీవీకి వీపు పెట్టి కూర్చుని మార్కులు వేశాను. మొట్టమొదట పాడిన కుర్రాడికి అందరికన్నా ఎక్కువ పడ్డాయి. నడిమధ్యలో తోడల్లుడు వచ్చాడు. గోడవైపు తిరిగి కాగితం మీద రాసుకుంటున్న నన్ను విచిత్రంగా చూసి, ఏమీ అడగకుండా సోఫాలో కూర్చున్నాడు. వేదిక మీదికి ఎవరో వచ్చిన చప్పట్లు వినపడ్డాయి. పాట ఇంకా ఎత్తుకోనేలేదు. "ఈ అమ్మాయిదే, రాసుకో" అన్నాడాయన, జంతికల గిన్నె దగ్గరికి లాక్కుంటూ.