లొట్టపీసు కింది బురదల ఏముంది?

లొట్టపీసు చెట్టు తెల్వనోళ్ళు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల ఉన్న మా సిరొంచ తాలూకాల ఉండరు. గంట లెక్క ఊదారంగు పూలు, లోపల బోలుగ ఉండే కాడ, మరాఠీల దాన్ని బేశరమ్ అంటరు, ఎంత నరికినా సిగ్గులేకుండ మళ్ళ లేస్తదని. విరిగిన కాడముక్క తడిల పడ్డా చాలు, వేర్లు తన్నుతది. దీని పుట్టిల్లు అమెరికా ఖండంల వేడి ప్రాంతాలు, ఇక్కడ మాత్రం చాన చెర్ల శిఖం దీని చేతులనే ఉన్నది. మా గడ్చిరోలి దిక్కు పాత మాల్‌గుజారీ (జమీందార్ల కాలపు) చెరువులను మామా తలావ్ అంటరు గదా, వాటిల తుంగ, తామర ఉండాల్సిన జాగల ఇది నిలబడితే చూసి మనసు చివుక్కుమంటది.

అందరు చెట్టును చూస్తరు, నాకైతే దాని కింది బురదనే అసలు ముచ్చట అనిపిస్తది. గ్రాము మట్టిల కోట్ల బ్యాక్టీరియా ఉంటయి. చెరువు నిండినంక మట్టి సందులన్ని నీళ్ళతోని మూసుకపోతయి, నీళ్ళల్ల ఆక్సిజన్ గాలిల కంటె సుమారు 10,000 రెట్లు నిదానంగ కదుల్తది, అందుకే లోపలున్న కొంచెం జల్ది అయిపోతది, ఇగ ఆక్సిజన్ లేకుండ బతికే బ్యాక్టీరియా షురూ అయితయి, ముందు నైట్రేట్‌ను వాడుకుంటయి, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేట్, ఆఖరికి మీథేన్ తయారుచేసేటియి వస్తయి. చెర్ల కాలు పెడితే కుళ్ళిన గుడ్డు వాసన కొడ్తది చూడుండ్రి, అది సల్ఫేట్ వాడుకునే బ్యాక్టీరియా వదిలిన హైడ్రోజన్ సల్ఫైడ్, వేర్లకు విషం.

మరి తుంగ ఎట్ల బతుకుతది? ఆకుల నుంచి వేర్ల దాక లోపల గాలి గొట్టాలుంటయి. ఆ గాలి వేర్ల నుంచి కొంచెం బయటికి కారుతది, అక్కడ నీళ్ళల్ల కరిగిన ఇనుము తుప్పు పడ్తది. వరి మొక్క పీకి కడిగితే వేర్ల మీద ఎర్రటి పొర కనపడేది గందుకే. ఏ మొక్క ఎంత గాలి వదుల్తది, ఏం రసాలు వదుల్తది అన్నదాన్ని బట్టి దాని చుట్టు చేరే సూక్ష్మజీవులు మార్తయి, అంటే కొత్త మొక్క వచ్చి పాతుకుంటే బురదల కాపురం చేసేటోళ్ళు కూడ మార్తరు.

ఒకటే పంట ఏటేట వేస్తే మట్టిల తెగులు పెరుగుతదని రైతులకు తెల్సిందే. ఊరి మొక్కకు ఊర్లనే శత్రువులుంటయి, నారు కుళ్ళబెట్టే పిథియం లాంటియి. బయటి నుంచి వచ్చిన మొక్క తన పాత శత్రువులను చాన మట్టుకు అక్కడనే వదిలి వస్తది. 2002ల కెనడాల జాన్ క్లిరోనోమోస్ అనే సైంటిస్టు ఇది చేసి చూపిచ్చిండు, అరుదైన మొక్కలు తమ సొంత మట్టిల సరిగ పెరగలే, దండెత్తే మొక్కలకు మాత్రం అంత దెబ్బ తగల్లే. అవి పచ్చిక నేల మొక్కలు. చిత్తడి నేలలకొస్తే అమెరికాల కిక్కిస గడ్డి కథ ఉన్నది, అక్కడ పరుచుకపోతున్నది యూరప్ రకమని అదే ఏడు డీఎన్‌ఏతోని తేలింది. జాతి ఒకటే, ఊరి రకం వెనక్కి పోతున్నది, బయటి రకం ముందుకొస్తున్నది, అందుకే సైంటిస్టులు రెండింటి వేర్ల దగ్గరి సూక్ష్మజీవులను పక్కపక్కన పెట్టి చూస్తున్నరు.

లొట్టపీసుకు ఇంకో దోస్తు ఉన్నది, ఇది మట్టిల ఉండేది కాదు గని చెప్పకుండ ఉండలేను. మేకలు లొట్టపీసు రోజూ తింటే వణుకుతయి, తూలి పడ్తయి. కారణం స్వైన్‌సోనిన్ అనే విషం, దాన్ని చేసేది చెట్టు లోపల బతికే ఒక ఫంగస్, విత్తనంతోని తల్లి నుంచి పిల్లకు పోతది. ఫంగస్ మందు పెట్టిన విత్తనాల నుంచి లేచిన మొక్కలల్ల ఆ విషం లేదు!

భండారా, గోందియా దిక్కు చేపలు పట్టే ఢీవర్ కులపు ఆడోళ్ళు చెర్లల్ల దిగి బేశరమ్ పీకి, చేపల కోసం పాత నీటి మొక్కలు మళ్ళ నాటిన్రు. నాకు ఆ నాటుడే పెద్ద పని అనిపిస్తది, ఎందుకంటె చెట్టు పోయినా అది మార్చిన బురద కొన్నాళ్ళు అట్లనే ఉంటది, ఖాళీగ వదిలితే మళ్ళ కాడముక్కలే లేస్తయి.

మన బడి పిల్లలతోని ఒకటి చేపియ్యచ్చు. చెరువు మట్టిని అందుల సూక్ష్మజీవులు చచ్చేటట్టు కుక్కర్ల బాగ ఆవిరి పట్టి, చల్లార్చి రెండు కుండలల్ల పోయాలె, ఒకదాంట్ల లొట్టపీసు కింది పచ్చి బురద పిడికెడు, ఇంకోదాంట్ల తుంగ కింది బురద పిడికెడు కలపాలె, అంతే, ఎక్కువ కలిపితే ఎరువు తేడాలు అడ్డమొస్తయి. రెండింట్ల ఒకే సైజు తుంగ గడ్డలు పెట్టి నీళ్ళు నిలవెట్టాలె. ఒక్కో రకం కుండలు అయిదారు పెడితే నమ్మకం. రెండు నెలలకు పీకి, వేర్లు కడిగి, ఎండబెట్టి తూకం వెయ్యాలె, రెండు రకాల కుండలల్ల తేడా వస్తే అది పిడికెడు బురదల ఉన్న సూక్ష్మజీవుల పని కావచ్చు.