అదే దెబ్బకు విన్నర్, అదే దెబ్బకు తప్పు: ఒస్టాపెంకో ఆట కథ

2017 జూన్ 10, ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. తొలి సెట్ రొమేనియా క్రీడాకారిణి సిమోనా హలెప్‌ది. రెండో సెట్‌లోనూ 3-0 ఆధిక్యం ఆమెదే. అవతల ఉన్నది రెండు రోజుల క్రితమే ఇరవై ఏళ్లు నిండిన లాత్వియా అమ్మాయి. ర్యాంకు 47, సీడింగ్ లేదు, అప్పటిదాకా టూర్‌లో ఒక్క టైటిల్ కూడా లేదు. ఆ పరిస్థితిలో ఎవరైనా బంతిని కాస్త చూసుకుని ఆడతారు. యెలెనా ఒస్టాపెంకో ఇంకా గట్టిగా బాదడం మొదలుపెట్టింది. చివరికి 4-6, 6-4, 6-3తో ట్రోఫీ ఎత్తుకెళ్లింది.

ఆ మ్యాచ్‌లో ఆమె విన్నర్లు, అంటే అవతలివాళ్లు అందుకోలేని దెబ్బలు, 54. అనవసర తప్పిదాలూ సరిగ్గా 54. హలెప్ విన్నర్లు ఎనిమిదే. దాదాపు రెండు గంటలు పాయింటు ఎవరికి పోయినా, తేల్చింది మాత్రం ఒస్టాపెంకో రాకెట్టే. పాపం, హలెప్ చూస్తూ ఉండిపోయింది.

రీగాలో పుట్టిన ఒస్టాపెంకోకు తల్లే తొలి కోచ్. చిన్నప్పుడు టెన్నిస్‌తో పాటు బాల్‌రూమ్ డాన్స్ కూడా నేర్చుకుంది. 2014లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచింది. ఆమె బంతికి టాప్‌స్పిన్, అంటే ముందుకు తిరిగే గుణం, తక్కువ. టాప్‌స్పిన్ ఉంటే బంతి నెట్‌కి బాగా పైనుంచి వెళ్లినా చివర్లో వంగి కోర్టులోనే పడుతుంది. ఈమె కొట్టేది నెట్‌ను రాసుకుంటూ సూటిగా దూసుకుపోతుంది. అవతలివాళ్లకు అడుగు కదిపే టైమ్ ఉండదు. కానీ రాకెట్ కోణం రవ్వంత తేడా వచ్చినా బంతి నెట్‌కో, బయటికో. దీనికి తోడు సెకండ్ సర్వ్ బలహీనం, డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం) మామూలే. నిలకడ లేదని అందరూ అంటారు గానీ, నిలకడ కోసం వేగం తగ్గించుకుంటే ఆమె దగ్గర మిగిలే ఆయుధం ఏముందని నా సందేహం.

తర్వాతి ఏడాది మార్చిలో ఐదో ర్యాంకుకు చేరింది. రెండు నెలలు తిరిగేసరికి, డిఫెండింగ్ చాంపియన్‌గా దిగిన ఫ్రెంచ్ ఓపెన్‌లో తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది. మళ్లీ నెలకే వింబుల్డన్ సెమీస్!

ఈ తిక్క ఎక్కువగా తగిలింది పోలెండ్ క్రీడాకారిణి ఇగా స్వియాటెక్‌కే. స్వియాటెక్ ఆట అంతా కాళ్లు కుదురుకున్నాక సాగేది. ఒస్టాపెంకో ఆ కుదురుకునే సమయమే ఇవ్వదు. 2023 యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో ఆమె కొట్టిన దెబ్బకు స్వియాటెక్ నంబర్‌వన్ ర్యాంకే పోయింది. మరి తర్వాతి మ్యాచ్? అమెరికా అమ్మాయి కోకో గాఫ్ చేతిలో 0-6, 2-6తో ఓటమి. రాత్రి మ్యాచ్ ఆడాక విశ్రాంతి చాల్లేదని ఒస్టాపెంకో షెడ్యూల్‌ను తప్పుపట్టింది. (ఆమెకు అంపైర్లతోనూ పేచీలే. బంతి బయట పడిందని ఎలక్ట్రానిక్ లైన్ కాలింగ్ చెప్పినా నమ్మకుండా తల అడ్డంగా ఊపడం చూడాల్సిందే.)

2025 ఏప్రిల్‌లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ టోర్నీ క్వార్టర్స్‌లో స్వియాటెక్‌ను, ఫైనల్లో నంబర్‌వన్ సబలెంకాను 6-4, 6-1తో ఓడించింది. స్వియాటెక్‌పై ఆమెకది వరసగా ఆరో గెలుపు, అప్పటికి ఒక్క ఓటమీ లేదు. రెండు నెలలు దాటాయో లేదో, వింబుల్డన్ తొలి రౌండ్‌లోనే బ్రిటన్ క్రీడాకారిణి సోనే కార్టల్ చేతిలో ఓడిపోయింది.