గేటు దగ్గర జాతి కుక్క, కొట్టంలో సంకర ఆవు

విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి వీధి కుక్కలను తరలించాలని, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, టీకాలు పూర్తయిన తర్వాత కూడా తిరిగి అక్కడ వదలకుండా ఆశ్రయ కేంద్రాల్లోనే ఉంచాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. యాత్రికులు, విద్యార్థులు, రోగులు ఏడాది పొడవునా వచ్చిపోయే తిరుపతిలో ఈ ఆదేశం వర్తించే ప్రాంగణాలకు కొదవ లేదు. కేంద్రానికి చేరిన కుక్క బతికినంత కాలం బోనులోనే ఉండిపోకూడదంటే ఎవరో ఒకరు దానిని ఇంటికి తీసుకెళ్లి పెంచుకోవాలి. కుక్కను పెంచుకోవాలనే ముచ్చట తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా తక్కువేమీ కాదు. కాకపోతే ఆ ముచ్చట ఆశ్రయ కేంద్రం వైపు కాక, పిల్లలను అమ్మే పెంపకందారు వైపు నడుస్తోంది. ‘ఏ బ్రీడు, ఒరిజినలేనా, పేపర్లున్నాయా’ అన్న ప్రశ్నలకు జవాబు లేని కుక్కపిల్లను ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవారు అరుదు. ‘క్రాస్’ అన్న మాట చెవిన పడితే బేరం ఆగిపోతుంది, లేదా ధర ఒక్కసారిగా దిగిపోతుంది.

విచిత్రమేమిటంటే, అదే ఇంటి కొట్టంలో ఉన్న ఆవు విషయానికి వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. శ్వేత విప్లవం నాటి నుంచి చిత్తూరు పాడి రైతు జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసిన పశువునే కోరుకుంటూ వచ్చాడు. పల్లెల్లో సీమావులని పిలిచే వాటిలో అధిక భాగం సంకరజాతివే. ఎండకు కొంతైనా తట్టుకుంటుంది, నాటు ఆవు కంటే ఎన్నో రెట్లు పాలిస్తుంది కాబట్టి ఆ సంకరం పట్ల ఎవరికీ చిన్నచూపు లేదు. ఆవును పాలతో కొలిచే మనిషి కుక్కను దేనితో కొలుస్తున్నాడో తెలియాలంటే, కుక్కకు ‘శుద్ధ జాతి’ అనే గుర్తింపు ఎప్పుడు, ఎవరి వల్ల వచ్చిందో చూడాలి. అది మనం అనుకునేంత పాతది కాదు.

పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు లోకంలో దాదాపు అన్నిచోట్లా కుక్కను అది చేసే పనిని బట్టే వేరు చేసేవారు. మన ప్రాంతంలోనూ అంతే. గొర్రెల మందల వెంట తిరిగే కుక్కకైనా, పొలం గట్లమీద ఎలుకలు పట్టే యానాదుల వెంట నడిచిన కుక్కకైనా, వేరుశనగ చేలో అడవి పందులను అదిలించిన కుక్కకైనా తాతముత్తాతల పేర్లు రాసిపెట్టినవారు లేరు. పనికొచ్చిన కుక్క ఈనిందని తెలిస్తే పక్క ఊరివారు వచ్చి ఒక పిల్లను అడిగి తీసుకెళ్లేవారు. పాలెగాళ్లు, జమీందార్లు మాత్రం వేట కుక్కలను ప్రత్యేకంగా పోషించారు. తమిళనాడులోని రాజపాళయం తెలుగు రాజుల కుటుంబాలు ఏనాడో దక్షిణానికి వలస వెళ్లి స్థిరపడిన ఊరు. ఆ ఊరి పేరుతోనే పిలిచే తెల్లటి వేట కుక్క వారి పోషణలోనే నిలిచిందని చెబుతారు. అక్కడ కూడా కుక్కకు విలువ తెచ్చింది దాని వేగం, తెగువ. కాగితం కాదు.

యజమాని ఉన్న కుక్క, యజమాని లేని కుక్క అన్న గీతను గట్టిగా గీసింది వలస పాలన. 1832 జూన్‌లో బొంబాయి వీధుల్లోని కుక్కలను చంపించేందుకు ఆంగ్లేయుల పోలీసు యంత్రాంగం పూనుకున్నప్పుడు, తమ మతంలో కుక్కకు పవిత్ర స్థానం ఉన్న పార్సీలు తిరగబడ్డారు. నగరంలో వ్యాపారం స్తంభించి, చివరికి సైన్యాన్ని దించవలసి వచ్చింది. అల్లర్లు అణిగాయి గానీ, దిక్కులేని కుక్కను చంపడం నగరపాలక సంస్థల విధుల్లో ఒకటన్న ఆలోచన మాత్రం అణగలేదు. మద్రాసు కార్పొరేషన్ 1996లో శస్త్రచికిత్సల విధానానికి మళ్లేదాకా చంపే పద్ధతినే సాగించింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు పాలనలోనే ఉన్న చిత్తూరు జిల్లాకు వీధి కుక్క అంటే పీడ, దొరల బంగళాలో కుక్క అంటే హోదా అన్న జంట భావాలు ఒకే దారిన వచ్చాయి.

ఇక ఆ హోదాకు మూలం ఇంగ్లండులోని పశువుల సంతల్లో ఉంది. పరుగు పందేల గుర్రాల వంశావళి పుస్తకం అక్కడ 1791లో వెలువడింది. షార్ట్‌హార్న్ పశువులకు అటువంటి పుస్తకం 1822లో వచ్చింది. ఏ కోడె ఏ ఆవుకు పుట్టిందో రాసిపెడితే కొనేవారికి నమ్మకం, అమ్మేవారికి ధర. మాంసానికి, పాలకు, పరుగుకు సంబంధించినంత వరకు ఇందులో కొంత అర్థముంది. 1859లో న్యూకాసిల్ నగరంలో జరిగిన మొదటి వ్యవస్థిత శునక ప్రదర్శన కూడా ఒక పశు ప్రదర్శనకు అనుబంధంగా పెట్టినదే. అందులో పాల్గొన్నవి పాయింటర్, సెట్టర్ అనే రెండు రకాల వేట కుక్కలు మాత్రమే, బహుమతిగా ఇచ్చినవి తుపాకులు. అంటే అప్పటికింకా వేటగాడి లెక్కే నడుస్తోంది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడి కుక్కలకు కూడా వంశావళి పుస్తకం తెరిచాక లెక్క మారింది. చెవులు ఎంత వేలాడాలి, ముక్కు ఎంత పొట్టిగా ఉండాలి, తోక ఏ వంపు తిరగాలి అన్న కొలతలను క్లబ్బులు రాశాయి. న్యాయనిర్ణేత కొలిచేది ఆకారాన్ని. గొర్రెలు కాయడం, వాసన పట్టడం ప్రదర్శన మైదానంలో కనిపించేవి కావు.

నేడు మనం శుద్ధమని లెక్కించే జాతులు చాలావరకు ఆ కాలంలో వేర్వేరు రకాలను కావాలని కలిపి తయారు చేసినవే. జర్మనీలోని అపోల్డా పట్టణంలో పన్నులు వసూలు చేసే డోబర్‌మన్ అనే ఉద్యోగి తన వెంట కాపలాగా తిరిగేందుకు పలు రకాల కుక్కలను కలిపి రూపొందించిన కుక్కకే ఆయన పేరు నిలిచింది. గోల్డెన్ రిట్రీవర్ మూలం 1868లో స్కాట్లాండులో ఒక పసుపు రంగు రిట్రీవర్‌ను, నేడు అంతరించిపోయిన నీటి స్పానియల్‌తో కలిపించడంలో ఉంది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే జర్మన్ సైనికాధికారి తనకు నచ్చిన హోరాండ్ అనే ఒక్క కాపరి కుక్కను ఆదర్శంగా పెట్టుకుని జర్మన్ షెపర్డ్ జాతికి పుస్తకం తెరిచాడు. సంకరంతో మొదలుపెట్టి, నచ్చిన రూపం వచ్చాక తలుపు మూసి, ఇక ముందు కలిపితే తప్పు అన్నారు. శుద్ధత అంటే ఇక్కడ పుస్తకం మూసిన తేదీ మాత్రమే అని ఈ రచయిత అభిప్రాయం.

తలుపు మూసినందువల్ల జరిగిందేమిటో డాల్మేషియన్ కథ బాగా చెబుతుంది. తెల్లటి ఒంటిమీద నల్లటి మచ్చల కోసం పెంచిన ఈ జాతిలో, యూరిక్ యాసిడ్‌ను శరీరం సరిగా సంభాళించుకోలేని జన్యు లోపం మొత్తం జాతికంతటికీ పాకింది. లోపం లేని డాల్మేషియన్ మిగల్లేదు కనుక జాతి లోపల ఎన్ని జతలు కట్టించినా మంచి జన్యువు తిరిగి రాదు. మూత్రనాళంలో రాళ్లు అడ్డుపడి కుక్కలు బాధపడేవి. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబిల్ అనే జన్యు శాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను ఒకే ఒక్కసారి పాయింటర్‌తో కలిపించి, ఆ పిల్లలను తరతరాలుగా మళ్లీ డాల్మేషియన్లతోనే జతపరుస్తూ వచ్చాడు. కొన్ని తరాలకు రూపంలో తేడా కనిపించని, లోపం మాత్రం లేని కుక్కలు పుట్టాయి. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిలో రెండింటిని నమోదు చేసుకుంది, డాల్మేషియన్ పెంపకందారుల సంఘం సభ్యులు అభ్యంతరం చెప్పడంతో ఆ నమోదు ఆగిపోయింది. తిరిగి అంగీకరించింది 2011లో. ఆరోగ్యం ఎదురుగా కనిపిస్తున్నా, ఎప్పుడో కలిసిన ఒక పాయింటర్ రక్తపు చుక్క కోసం దాదాపు ముప్పై ఏళ్లు తలుపు తెరవలేదన్నమాట. ఇంగ్లండులో పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. తల్లీ కొడుకులకు, అన్నాచెల్లెళ్లకు పుట్టిన కుక్కపిల్లల నమోదును కెన్నెల్ క్లబ్ నిలిపివేసింది 2009లో, అదీ అంతకు ముందటి ఏడాది బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ దుమారం రేపి, క్లబ్ ఏటా జరిపే క్రఫ్ట్స్ శునక ప్రదర్శన ప్రసారాన్నే బీబీసీ మానుకున్నాక.

మన దేశంలో ఈ పుస్తకాల పద్ధతి 1896లో మొదలైన సంఘంతో వేళ్లూనింది. దాని వారసత్వంలో వచ్చిన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నేడు చెన్నై కేంద్రంగా నడుస్తోంది. తిరుపతికి, చిత్తూరుకు చెన్నై మూడు నాలుగు గంటల దూరమే కావడం వల్ల ‘కేసీఐ పేపర్లు’ అన్న మాట ఈ జిల్లాలకు కొత్తది కాదు. అయితే మొదటి తరం మోజుకు పేపర్లతో పని లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ పేరు గిట్టని ఆంగ్లేయులు జర్మన్ షెపర్డ్‌కు పెట్టిన ‘ఆల్సేషన్’ అన్న పేరే మనకు దిగుమతైంది. వారు 1977లో పాత పేరును పునరుద్ధరించుకున్నా మన పెద్దలు మాత్రం ఆల్సేషన్‌ను వదల్లేదు. పోలీసు జాగిలాల వల్ల దానికి, డోబర్‌మన్‌కు పేరొచ్చింది. ఇక మధ్యతరగతి ఇళ్లలో దశాబ్దాల పాటు పొమేరియన్‌గా చలామణి అయిన తెల్లటి కుక్క అధికంగా ఇండియన్ స్పిట్జ్. అది ఈ వేడికి అలవాటు పడింది, అన్నం తిని బతికింది, ఎక్కువ జబ్బు పడలేదు. ఇంతకంటే సరిపడే ఇంటి కుక్క మనకు దొరకలేదనే చెప్పాలి.

దానిని పక్కకు నెట్టింది ప్రకటనలు. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక చిన్న పిల్లవాడి వెంట నడిచిన పగ్, దేశమంతటా ఆ జాతికి గిరాకీ తెచ్చింది. అమ్మేవారి పరిభాషలో ‘పంచ్ ఫేస్’ అనే అణగిన ముఖానికి ధర ఎక్కువ, ముఖం ఎంత అణిగితే శ్వాస అంత కష్టం. కుక్క ఒంట్లోని వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే వదిలించుకుంటుంది. ముక్కు రంధ్రాలు ఇరుకై, అంగిలి సాగి గొంతుకు అడ్డుపడే పగ్, బుల్‌డాగ్‌లకు రాయలసీమ వేసవిలో మిట్టమధ్యాహ్నం ప్రాణసంకటమే. ఆ తర్వాత వచ్చిన హస్కీ మోజు మరీ విడ్డూరం. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి రెండు పొరల బొచ్చుతో రూపొందిన కుక్కను 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఏసీ గదిలో కట్టేసి, కరెంటు పోతే కంగారు పడుతున్నారు. ఉద్యోగం మారినప్పుడో, అద్దె ఇంటి యజమాని ఒప్పుకోనప్పుడో ఇటువంటి కుక్కలూ చివరకు వీధికో, ఆశ్రయ కేంద్రానికో చేరడం జరుగుతోంది. ఆశ్రయ కేంద్రంలో ఉన్నవన్నీ వీధిలో పుట్టినవేనన్న నమ్మకం కూడా అంత సరైనది కాదు.

జాతి తెలిస్తే గుణం తెలుస్తుందన్న వాదన ఒకటుంది. వాసన పట్టే పనికి లాబ్రడార్‌ను ఎంచుకోవడంలో, మంద కాసే పనికి కాపరి జాతిని ఎంచుకోవడంలో అర్థముంది, దానిని కాదనలేం. కాని ఇంట్లో పెంచుకునే కుక్క స్వభావానికి సంబంధించి 18,000కు పైగా కుక్కల వివరాలతో 2022లో వెలువడిన అమెరికన్ అధ్యయనం, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వివరించగలిగేది సుమారు 9 శాతమేనని తేల్చింది. అదే సమయంలో, సంకర కుక్కకు రోగాలే రావన్న మాట కూడా నిలవదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ డేవిస్ ప్రాంగణంలో 27,000కు పైగా కుక్కల రికార్డులు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 24 జన్యు సంబంధ రుగ్మతలకు గాను 10 శుద్ధ జాతుల్లో ఎక్కువగా, ఒకటి సంకరాల్లో ఎక్కువగా కనిపించగా, 13 రుగ్మతల్లో తేడా లేదని తేలింది. ఊర కుక్కల పక్షాన మాట్లాడేవారు ఈ రెండో సగాన్ని దాటవేయడం మంచిది కాదు.

చట్టం ఈ వ్యవహారంలోకి ఆలస్యంగా వచ్చింది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఫోన్‌లో ఫొటో చూపి, ముందుగా డబ్బు వేయించుకుని, బెంగళూరు బస్సులో అట్టపెట్టెలో కుక్కపిల్లను పంపించే వ్యాపారానికి ఈ నియమం ఎంతవరకు అందుతుందో ఊహించుకోవచ్చు. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతులను, వాటి సంకరాలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ వాటి పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితుల వాదన వినలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. మోజుకు పేరు చాలినట్టే భయానికి కూడా జాతి పేరే చాలిందని ఈ లేఖ చూపిస్తుంది.

స్వదేశీ జాతుల మీద పెరిగిన ఆదరం మరో మలుపు. 2005లో తపాలా శాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్ వేట కుక్కలతో, హిమాలయన్ షీప్‌డాగ్‌తో బిళ్లలు విడుదల చేసింది. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దేశీ జాతులను పెంచుకోమని కోరారు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాచే మన జోనంగి కుక్కకు కూడా ఈ గాలి కొంత సోకింది. ఇది మేలే. కాని కొలమానం మారలేదు, జాబితా మాత్రమే మారింది. వేల ఏళ్లుగా ఈ నేల మీద ఎవరూ జత కట్టించకుండా తమంత తాము తట్టుకుని నిలిచిన ఊర కుక్కలకు ఆ జాబితాలో చోటు లేదు.

పుంగనూరు ఆవు చరిత్ర ఈ ధోరణికి దగ్గరి ఉదాహరణ. సీమావుల కాలంలో పాలు తక్కువని రైతులు పుంగనూరు ఆవులను వదిలేసి సంకరానికి మళ్లగా, ఆ పొట్టి జాతి దాదాపు అంతరించే దశకు చేరి, పలమనేరు పశు పరిశోధన స్థానం వంటి చోట్లే ప్రధానంగా మిగిలింది. 2024 సంక్రాంతికి ప్రధాని వాటికి మేత పెట్టిన చిత్రాలు వ్యాపించాక అవే లక్షల ధర పలుకుతూ నగరాల్లో మేడల మీద పెంపుడు జంతువులుగా కనిపిస్తున్నాయి. పాలు ఆ నాడెంత ఇచ్చాయో ఇప్పుడూ అంతే. ఇప్పుడు కొనేవారు అడుగుతున్నది కుక్కపిల్ల కోసం వచ్చినవారు అడిగేదే: ఎంత పొట్టి, ఎంత ఒరిజినల్, ఏ కాగితం ఉంది.

ఆశ్రయ కేంద్రాల విషయంలో కోర్టు కొంత దారి చూపింది. వీధి కుక్కను దత్తత తీసుకోదలచినవారు స్థానిక పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, కుక్కకు గుర్తింపు ట్యాగు వేసి అప్పగించాలని, అది మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో పేర్కొంది. ఆ ఉత్తర్వుతో, తండ్రి ఎవరో తెలియని కుక్కకు కూడా ఒక దరఖాస్తు, ఒక ట్యాగు, బాధ్యత వహించే ఒక యజమాని పేరు అధికారికంగా ఏర్పడే వీలు కలిగింది. తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల్లో ఆ దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో, టీకా వివరాలు ఎవరు రాసిస్తారో ప్రజలకు తెలిసేలా ప్రకటించడం తక్షణం జరగవలసిన పని.